మూరెడు అతుకు

గుడివాడలో ఫోటో స్టూడియో నడిపేవాడికి పండగపూట ఇంట్లో కూర్చునే యోగం ఉండదు. అందులోనూ క్రిస్మస్ వస్తోందంటే నాకు ఒళ్ళు మండేది. కోపం పండగ మీద కాదు, కేకు మీద అసలే కాదు. బెంజమిన్ గారి అత్తగారింట్లో ఉన్న బెంచీ మీద. ఏటా ఆ రోజు పొద్దున్నే కెమెరా సంచీ భుజాన వేసుకుని, గుడివాడలో బస్సెక్కి, బందరులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని, పులిగడ్డ అక్విడెక్టు దాటి దివిసీమలోకి వెళ్ళి, అక్కడ ఓ ఇంటి వాకిట్లో ఒక కుటుంబం మొత్తం కింద పడుతుంటే ఫోటో తీసి వచ్చేవాణ్ణి. నా స్టూడియోకి వచ్చినవాళ్ళు పెళ్ళి ఆల్బంలు చూడమంటే ఆవులిస్తారు. ఈ ఫోటోలు మాత్రం అడిగి మరీ చూస్తారు. ఇన్నేళ్ళుగా లైటింగ్ గురించి నేను పడిన శ్రమ ఎవరికీ పట్టలేదు.

బెంజమిన్ కరెంటాఫీసులో గుమాస్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో గుడివాడలో వేస్తే నా స్టూడియో పైగదిలో అద్దెకు దిగాడు. మనిషి సౌమ్యుడు. మీసం కూడా ఎవరికీ అడ్డం రాకుండా పెంచుకున్నాడు. ఉన్నది ఒకటే జబ్బు, చెక్క కనిపిస్తే చేతులు ఊరుకోవు. వాళ్ళ వంశంలో ఉలి పట్టినవాళ్ళు ఎవరూ లేరు. ఆయనకు పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు, పట్టుకోవద్దని మాత్రం చాలామంది చెప్పారు. ఆదివారం చర్చి నుంచి రాగానే చిత్రిక పట్టడం మొదలుపెట్టేవాడు. మాది పాతకాలపు మిద్దె, పై అంతస్తు నేలంతా చెక్కలే. ఆ చెక్కల సందుల్లోంచి పొట్టు రాలి, కింద ఫోటో దిగుతున్న పెళ్ళికూతుళ్ళ జడల్లో పడేది.

నేను పైకి వెళ్ళి కేకలేస్తే, ఆయన నొచ్చుకోకుండా అతికించిన చెక్కముక్కలు రెండు నా చేతిలో పెట్టేవాడు.

"లాగి చూడండి లింగంగారూ! ఒక్క మేకు కూడా లేదు. మేకు కొట్టడమంటే చెక్కల్ని భయపెట్టి కలిపి ఉంచడమండీ. ఆకారం కుదిరితే వాటంతట అవే ఉంటాయి."

ఆ సిద్ధాంతం ప్రకారమే నాకో స్టూలు కూడా చేసిచ్చాడు. దాని మీద కూర్చుని ఓ పెళ్ళికొడుకు తండ్రి ఫోటో దిగుతుండగా ఆ చెక్కలు వాటంతట అవే విడిపోయాయి. ఆకారం ఇంకాస్త కుదరాలన్నాడు బెంజమిన్. పెళ్ళికొడుకు తండ్రి ఇంకా చాలా అన్నాడు. అవి ఇక్కడ రాయను.

కొన్నాళ్ళకు ఆయనకు పెళ్ళయింది. భార్య కృపావతిది దివిసీమ. తండ్రి ఇస్సాకు మాస్టారు కాలం చేశారు. తల్లి మార్తమ్మ గారు కూడా టీచరే. రిటైరయ్యారు గానీ ఆ సంగతి ఆవిడకు ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు. ఇంట్లో ఎవరైనా గోడకు ఆనుకుని నిలబడితే ఇప్పటికీ "సరిగ్గా నిలబడు" అంటారు. కృపావతికి ఒకే తమ్ముడు, డేవిడ్ రాజు. కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులున్నాయి. మనిషి ఎంత పొడుగో అంత వెడల్పు. నోరు తెరిస్తే బావా అనే పిలుపే. టీ కొట్టు ఆయన్ని బావా అంటాడు, రొయ్యలు కొనడానికి వచ్చినవాణ్ణి బావా అంటాడు, హెల్మెట్ లేదని బండి ఆపిన పోలీసుని కూడా బావా అని పిలిచి చలానా తప్పించుకున్నాడు. ఇక సొంత అక్కని చేసుకున్న బావ దొరికితే వదులుతాడా? పెళ్ళయిన కొత్తలో బెంజమిన్‌ని భుజం మీద చెయ్యి వేసి ఊరంతా తిప్పాడు. అన్నదమ్ములు లేని బెంజమిన్‌కి ఆ చెయ్యి బరువు భుజం నొప్పి పుట్టేంత నచ్చింది.

ఇప్పుడు బెంచీ సంగతికి వస్తాను. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. క్రిస్మస్ రోజు చర్చి నుంచి రాగానే, భోజనాలకు ముందు, కుటుంబమంతా ఒకే బెంచీ మీద వరసగా కూర్చుని ఫోటో దిగాలి. రెండు బెంచీలు వేయకూడదు, కుర్చీలు వేయకూడదు, ఎవరూ వెనక నిలబడకూడదు. పూర్వం ఓసారి ఇస్సాకు మాస్టారి అన్నదమ్ములు చర్చిలోంచి రెండు బెంచీలు తెప్పించి కూర్చున్నారట. ఏది ముందు బెంచీ, ఏది వెనక బెంచీ అన్న చోట మాట పెరిగింది. కేకు కోయకుండానే ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయి, మళ్ళీ ఏళ్ళ తరబడి కలవలేదు. అప్పుడే కోడలిగా వచ్చిన మార్తమ్మ గారు ఆ కోయని కేకు తనూ మాస్టారూ ఇద్దరే వారం పాటు తినాల్సి వచ్చిందని చెబుతారు. అప్పటినుంచీ ఒకే బెంచీ అన్నది శాసనం.

కుటుంబం పెరిగింది. మనవలొచ్చారు. మార్తమ్మ గారి ఆడపడుచులు, అంటే డేవిడ్ రాజు మేనత్తలు, వాళ్ళ పిల్లలు అందరూ వచ్చి చేరేవాళ్ళు. అంత పొడుగు బెంచీ బజార్లో దొరకదు. పాత పెంకుటిల్లు తీసి డాబా వేసినప్పుడు అటక మీంచి రెండు టేకు పలకలు దిగాయి. రెండూ ఒకే కొలత, మంచి మందం. రెంటినీ చివర్లు కలిపి అతికిస్తే అందరికీ సరిపోతుంది. "నేను అతుకుతాను అత్తయ్యగారూ" అన్నాడు బెంజమిన్. ఎవరూ ఆపలేదు. నా స్టూలు సంగతి వాళ్ళకు తెలియదు.

మొదటిసారి రెండు పలకల అంచులూ ఎదురెదురుగా ఆనించి, జిగురు పూసి, కింద చిన్న చెక్క బద్ద బిగించాడు. చూడ్డానికి గీత కూడా కనబడకుండా అందంగా ఉంది. ఆ ఏడాదే డేవిడ్ రాజుకు పెళ్ళయింది. కొత్త పెళ్ళాం ప్రీతి, కొత్త సఫారీ సూటు, కొత్త మామగారు, అందరూ హాజరు. వరస ప్రకారం మార్తమ్మ గారు మధ్యలో కూర్చున్నారు. పక్కన కొడుకు. అంటే ఇంట్లోకెల్లా బరువైన మనిషి సరిగ్గా అతుకు మీద. బెంజమిన్ మాత్రం కూర్చోలేదు. అతుకు ఎలా ఉందో ఒక్కసారి చూసుకుని వస్తానని నా పక్కన గొంతుకూర్చున్నాడు.

నేను "రెడీ" అన్నాను. బెంచీ కూడా అందుకోసమే చూస్తున్నట్టుంది. నడిమికి విరిగి రెండు పలకలూ లోపలికి వాలాయి. రెండు పక్కలనుంచీ జనం జారుకుంటూ వచ్చి డేవిడ్ రాజు మీద పడ్డారు. మార్తమ్మ గారు మాత్రం కొడుకు పొట్ట మీద భద్రంగా కూర్చుని ఉన్నారు. చేతులు కడిగిన నీళ్ళు అక్కడే పారుతున్నాయి, ఆ బురదంతా సఫారీకి అంటుకుంది. అందరూ కంగారుపడుతుంటే కొత్త పెళ్ళాం ప్రీతి ఒక్కతే పగలబడి నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.

డేవిడ్ రాజు లేచి బురద దులుపుకుని, "చాలా బాగా చేశారండీ బెంజమిన్ గారూ" అన్నాడు.

తిరుగు బస్సులో బెంజమిన్ కేకు పొట్లం విప్పకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"లింగంగారూ, వాడు నన్ను 'గారూ' అన్నాడు. విన్నారా?"

"మర్యాదిచ్చాడు కదండీ."

"పోలీసుని కూడా బావా అంటాడండీ వాడు!"

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి ఊరుకున్నాను. బస్సు చల్లపల్లి దాటినా ఆ పొట్లం విప్పలేదు. మరుసటి ఏడాదికి విరగని అతుకు చేస్తానని, డేవిడ్ రాజు చేత మళ్ళీ బావా అనిపించుకుంటానని, అప్పుడే తను ఆ బెంచీ ఎక్కుతానని నాకు మాటిచ్చాడు. మధ్యలో నాకెందుకు మాటివ్వడం? నేను ఫోటోలు తీసుకునేవాణ్ణి.

ఆ తర్వాత ఏళ్ళు వరసపెట్టి ఇదే తంతు. మార్తమ్మ గారి ఆడపడుచొకావిడ మధ్యలో ఓ కాలు పెట్టించమంది. పెట్టించాడు. వాకిలి నేల ఎగుడుదిగుడు కదా, మధ్యకాలు గట్టు మీద నిలబడింది, చివరి కాళ్ళు రెండూ గాల్లో ఊగాయి. డేవిడ్ రాజు ఓ పక్క కూర్చోగానే అవతలి పక్కనున్న మేనత్తలు ముగ్గురూ పైకి లేచారు. పిల్లలకు ఆ ఏడాది భలే నచ్చింది. మధ్యకాలు నిషేధించారు. ఇంకో ఏడాది రెండు పలకలూ చెరి సగం మందం కోసి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాడు. పాస్టరు గారి ప్రార్థన అంతసేపూ అది నిలబడింది. అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు మరి. "ఆమెన్" అని ఊపిరి వదిలారో లేదో, సగం మందమే మిగిలిన చోట టప్పున చీలిపోయింది.

దీంట్లో ఇంకో చిక్కు ఉంది. ప్రతిసారీ విరిగిన చివర్లు కోసేసి కొత్త అతుకు చెయ్యాలి. అంటే బెంచీ ఏటేటా పొట్టిదవుతోంది. కుటుంబం మాత్రం ఏటేటా పెరుగుతోంది. డేవిడ్ రాజుకు కవల పిల్లలు పుట్టినప్పుడు అందరికంటే ఎక్కువ దిగులుపడింది బెంజమినే.

డేవిడ్ రాజు ఓసారి మొహాన్నే చెప్పాడు, కింద ఇనప పట్టీ వేసి బోల్టులు బిగిస్తే సరిపోతుంది కదా అని. ఎవరైనా అదే అంటారు. నేనూ అన్నాను. బెంజమిన్ గుండె మీద చెయ్యి వేసుకుని, "అది అతుకు కాదండీ, కాలు విరిగినవాడికి కట్టే కట్టు" అన్నాడు. ఇంత పంతం ఉన్న మనిషికి అంత మెత్తటి గొంతు దేవుడు ఎందుకిచ్చాడో!

పావురం తోక అతుకు మాత్రం చెప్పి తీరాలి. అప్పటికి బెంజమిన్‌కి బందరు బదిలీ అయింది. ఒక పలక చివరను పావురం తోకలాగా, మొదట సన్నంగా కొసన వెడల్పుగా కోశాడు. రెండో పలకలో అదే ఆకారంలో గాడి తీశాడు. రెంటినీ కలిపితే పెట్టెల మూలల్లో కనిపించే అతుకులాగా ముచ్చటగా ఉంది. ఇక ఎవరూ విడదీయలేరన్నాడు. నన్ను గుడివాడ నుంచి పిలిపించి మరీ వీధిలో పరీక్ష పెట్టాడు. రెండు చివర్లకూ తాళ్ళు కట్టి, ఓ పక్క బిల్లుల సెక్షన్ వాళ్ళని, ఓ పక్క లైన్‌మెన్లని నిలబెట్టి లాగమన్నాడు. ఇద్దరు లైన్‌మెన్లు కాలవలో పడ్డారు గానీ అతుకు ఊడలేదు. చుట్టూ చేరిన జనం చప్పట్లు కొట్టారు. బెంజమిన్ అందరికీ హల్వా పంచాడు.

క్రిస్మస్ రోజు ఆ తాడులాగుడు కథంతా చెప్పాక, డేవిడ్ రాజు బుద్ధిగా చెయ్యెత్తి అడిగాడు.

"చిన్న అనుమానమండీ బెంజమిన్ గారూ. ఇప్పుడు మేం దీన్ని లాగాలా, దీని మీద కూర్చోవాలా?"

అప్పటికే అందరూ కూర్చుంటున్నారు. అడ్డంగా లాగితే గోరంత కూడా కదలని తోక, పైనుంచి బరువు పడేసరికి ఎలా దూర్చాడో అలాగే చల్లగా కిందికి జారి దిగిపోయింది. దాని తప్పేం లేదు. లాగితే ఊడకుండా ఉండేందుకే దానికా ఆకారం. కూర్చుంటే వంగకుండా ఉండటం దాని పని కాదు. ఆ సంగతి బెంజమిన్‌కి గాల్లో ఉన్న మేనత్తల కాళ్ళు చూస్తుండగా తట్టింది. నిజం చెబుతున్నా, ఆయన మొహంలో ఆ క్షణాన సంతోషమే కనిపించింది.

ఆ దెబ్బతో ఆయన బరువుల మీద పడ్డాడు. అతుకు మీద ఏ చోట ఎంత బరువు పడుతుందో తెలియాలన్నాడు. మరుసటి క్రిస్మస్‌కి ముందే దివిసీమ వెళ్ళి, బరువైనవాళ్ళని కాళ్ళున్న చివర్లలోనూ పిల్లల్ని మధ్యలోనూ కూర్చోబెడితే అతుక్కి శ్రమ తగ్గుతుందని చెప్పి, ఎవరెంత బరువో చెప్పమన్నాడు. పెద్ద మేనత్త, "మా పుట్టింట్లో నన్నెవరూ ఈ మాట అడగలేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రెండో ఆవిడ ఒక అంకె చెప్పింది, అందరూ ఆవిడ వంక చూశారు, ఆవిడ గోడ వంక చూసింది. డేవిడ్ రాజు తన బరువు కిలోకి ఎన్ని అనే రొయ్యల లెక్కలో అయితే చెబుతానన్నాడు.

మార్తమ్మ గారు మాత్రం, "బాబూ బెంజమిన్, వరస మారదు. మధ్యలో నేను, నా పక్కన నా కొడుకు. మిగతాది నువ్వు చూసుకో" అన్నారు.

చూసుకున్నాడు. ఈసారి ఒక పలకకు నాలుకలా కోసి, రెండో పలకకు నోరులా బెజ్జం తొలిచి దూర్చాడు. బందరులో దాని మీద బియ్యం బస్తాలు పేర్చి రోజంతా ఉంచితే చెక్కు చెదరలేదు. ధీమాగా తీసుకెళ్ళాడు. అందరూ కూర్చున్నారు, నిలబడింది. అంతలో కవలల్లో ఒకడు తుమ్మితే ఇంకోడు నవ్వాడు, వాణ్ణి చూసి డేవిడ్ రాజు నవ్వాడు. ఆయన నవ్వితే ఒళ్ళంతా నవ్వుతుంది. ఫట్‌మని నాలుక మొదలుకంటా తెగింది.

"బస్తా నవ్వదు లింగంగారూ" అన్నాడు బెంజమిన్ తిరుగు బస్సులో. "అక్కడ దెబ్బ తిన్నాను."

ఆ తర్వాత కరోనా వచ్చింది. ఆ ఏడాది ఎవరూ ఎవరింటికీ వెళ్ళలేదు. నాకు హాయిగా ఉండాల్సింది. క్రిస్మస్ రోజు ఇంట్లో కూర్చుని ఇడ్లీ తింటుంటే ఏమీ తోచలేదు. మార్తమ్మ గారికి జబ్బు చేసింది. ఆస్పత్రిలో ఉండి బయటపడ్డారు గానీ, మనిషి సగమయ్యారు. ఇంటికి రాగానే కూతురు చేత పాత ఫోటోలన్నీ తెప్పించుకుని చూశారట. తర్వాత అల్లుడికి ఫోన్ చేశారు. ఆ మాటలు బెంజమిన్ నాకు ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు.

"బాబూ, నా దగ్గరున్న ఫోటోలన్నీ మీ అరికాళ్ళవే. ఒక్కదాంట్లో కూడా మొహాలు లేవు. నువ్వయితే అసలే లేవు. మూల నుంచి రెండు చేతులు మాత్రం వస్తుంటాయి. అవి నీవేగా? అందరూ కూర్చున్న ఫోటో ఒకటి నాకు కావాలి. నువ్వు కూడా ఉండాలి. తొందరగా కానియ్యి."

నేను స్టూడియోలో ఆ ఫోటోలు మళ్ళీ తీసి చూశాను. ఆవిడ అన్నది నిజమే. ప్రతి ఫోటోలోనూ ఓ మూల నుంచి పడేవాళ్ళని పట్టుకోవడానికి చాచిన రెండు చేతులు. మనిషి లేడు. అన్నేళ్ళూ నా పక్కనే గొంతుకూర్చున్న మనిషి నా ఫోటోలో లేడన్న సంగతి నేనే గమనించలేదు. మనసుకు కష్టమనిపించింది.

దారి దొరికింది మాత్రం చాలా అవకతవకగా. నాగాయలంక వైపు ఏదో పెళ్ళికి వెళ్ళి, ఒడ్డున బోర్లించిన చెక్క పడవ ఒకటి కనిపిస్తే కాళ్ళు నొప్పిగా ఉన్నాయని దాని మీద కూర్చున్నాడు బెంజమిన్.

"లేవండి సార్! రంగు పచ్చిగా ఉంది" అని ఎవరో అరిచారు.

అప్పటికే పెళ్ళికి తొడుక్కున్న తెల్ల ప్యాంటు వెనక పచ్చరంగు పరుచుకుంది. ఏ మేర అంటిందో మెడ తిప్పి చూసుకుంటుంటే, ఆ రంగులో ఒక గీత కనబడింది. అడ్డంగీత కాదు, ఏటవాలు గీత. పడవ మీద తను కూర్చోగా రంగు చెరిగిన చోట వంగి చూస్తే, రెండు పలకలు కలిసిన అతుకు. ఎదురెదురుగా మొండిగా ఆనలేదు. ఒక్కోదాన్నీ పొడుగ్గా, వాలుగా కోసి, ఒకదాని వాలు మీద ఇంకోదాని వాలు పడుకోబెట్టారు. పెళ్ళి సంగతి మరిచిపోయి, అదే ప్యాంటుతో బస్సెక్కి, తిన్నగా గుడివాడ వచ్చాడు.

నా స్టూడియో ఎదురుగా ఉన్న టీ కొట్టులో నిలబెట్టి, నా చేతులు పట్టుకున్నాడు.

"మీ వేళ్ళ కొసలు నా వేళ్ళ కొసలకి ఆనించండి. ఆఁ. ఇప్పుడు ఎవరైనా పైనుంచి నొక్కితే?"

"విడిపోతాయి."

"ఇప్పుడు మోచేతి దాకా చెయ్యి చెయ్యి కలిపి పట్టుకుందాం. గట్టిగా పట్టుకోండి సిగ్గుపడకుండా. ఇప్పుడు?"

టీ కొట్టాయన వచ్చి మా చేతుల మీద మొత్తం బరువేసి వేలాడాడు. విడిపోలేదు. టీ తాగేవాళ్ళందరూ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. నేను పరువున్న మనిషిని, వెనక పచ్చరంగు ప్యాంటు వేసుకున్నవాడితో చేతులు కలుపుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను.

"అంతేనండీ! మొండిగా ఆనిస్తే బరువంతా ఒక్క గీత మీద పడుతుంది. వాలుగా కోస్తే పొడుగునా పంచుకుంటాయి. వాలు ఎంత పొడుగుంటే జిగురుకి అంత చోటు, అతుక్కి అంత బలం. అసలు పలకంత బలం వచ్చేస్తుంది!" అని, హఠాత్తుగా నా చేతులు వదిలేశాడు. "కానీ..."

"ఏమిటి కానీ?"

"ఒకదాని మీద ఒకటి పడుకుంటాయిగా. ఆ వాలు ఎంతో అంత పొడుగు తగ్గిపోతుంది. మన పలకల మందానికి మూరెడు వాలు ఉండాలి. మూరెడు."

మూరెడంటే ఒక మనిషి కూర్చునే చోటు. విరిగిన చివర్లు కోసి కోసి బెంచీ అప్పటికే సరిగ్గా ఇంటిల్లిపాదికీ బొటాబొటీగా సరిపోయేలా ఉంది. ఇంకో మూరెడు పోతే ఎవరో ఒకరికి చోటుండదు. ఎవరికో చెప్పక్కరలేదు. నేను వాలు తగ్గించమన్నాను. తగ్గిస్తే బలం తగ్గుతుందన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, "అత్తయ్యగారికి విరగని బెంచీ కావాలండీ. ముందు అది కానిద్దాం" అని వెళ్ళిపోయాడు. వెనక నుంచి ఆ పచ్చ ప్యాంటు చూస్తే నవ్వు రావాలి. నాకు రాలేదు.

ఆ క్రిస్మస్‌కి బెంచీ వాకిట్లో వేశారు. నడిమధ్య ఏటవాలుగా ఒక సన్నటి గీత. ఎవరూ కూర్చోవడం లేదు. అందరూ దూరంగా నిలబడి, మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని మర్యాదలు చేసుకుంటున్నారు. పెద్ద మేనత్త చేతిలో దిండు పట్టుకుని వచ్చింది, కింద పడితే తలకు తగలకుండా. మార్తమ్మ గారు కర్ర పక్కన పెట్టి, వచ్చి, మధ్యలో కూర్చున్నారు. దాంతో తప్పలేదు. ఒక్కొక్కరే, వేడి పెనం మీద కూర్చుంటున్నట్టు కూర్చున్నారు. చివరిగా డేవిడ్ రాజు తల్లి పక్కన, ఆ గీత మీద దిగాడు. బెంచీ కిమ్మనలేదు. ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు. పక్కనున్న ప్రీతి ఆయన్ని మోచేత్తో పొడిచి నవ్వించింది. ఒళ్ళంతా నవ్వింది. బెంచీ చెక్కు చెదరలేదు.

నా పక్కన గొంతుకూర్చున్న బెంజమిన్ చేతులు చాచే ఉన్నాయి.

"తియ్యండి లింగంగారూ, తియ్యండి" అన్నాడు మెల్లగా.

"ఆగండి" అన్నారు మార్తమ్మ గారు. "బెంజమిన్, వచ్చి కూర్చో."

"చోటు లేదండి అత్తయ్యగారూ. ఫరవాలేదు, మీరు కానివ్వండి."

"అందరూ జరగండి!"

జరిగారు. జరిగేసరికి ఆ చివరనున్న మేనత్త మనవరాలు షారోన్ బెంచీ మీంచి కింద పడింది. దాన్ని లేపి కూర్చోబెడితే ఈ చివర నుంచి కవలల్లో ఒకడు జారాడు. ఎటు నొక్కితే అటు ఒకరు బయటికొస్తున్నారు. కృపావతి లేచి, "నేను నిలబడతానమ్మా, ఆయన కూర్చుంటారు" అంది. "నువ్వు కూర్చో" అన్నారు తల్లి. ఎవరినైనా ఒళ్ళో కూర్చోబెట్టుకుందామంటే, ఎత్తుకోదగ్గ పిల్లలంతా ఎప్పుడో ఒళ్ళోనే ఉన్నారు. బెంజమిన్ తల వంచుకుని, నా కెమెరా సంచీ జిప్పు తీసి వేస్తూ, తీసి వేస్తూ ఉన్నాడు. మంచి బెంచీ చేసినవాడికి ఆ బెంచీ మీద చోటు లేకపోతే ఇంక ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

అప్పుడు డేవిడ్ రాజు తొడ మీద చరిచాడు. వీధిలోకి వినబడేంత చప్పుడయింది.

"ఇలా రండి."

"ఎక్కడికి?" అన్నాడు బెంజమిన్.

"ఇక్కడికే. నా ఒళ్ళో కూర్చోండి."

అందరూ నవ్వారు. డేవిడ్ రాజు నవ్వలేదు.

"అతుకు నడిమధ్యండీ అది! మీ బరువుకే కట్టాను. ఇద్దరి బరువుకి నేను లెక్క వెయ్యలేదు."

"మీరు చేసిన అతుకు మీద మీకే నమ్మకం లేకపోతే నేనెలా కూర్చున్నానండీ?"

బెంజమిన్ లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు. నడివయసు గుమాస్తా, చొక్కా జేబులో పెన్నుతో, అందరూ చూస్తుండగా వెళ్ళి బావమరిది ఒళ్ళో కూర్చున్నాడు. డేవిడ్ రాజు ఒక చెయ్యి ఆయన నడుం చుట్టూ వేశాడు.

టక్!

మేనత్తలు కెవ్వుమన్నారు. దిండు గాల్లోకి ఎగిరింది. బెంజమిన్ కళ్ళు మూసుకుని, చేతులు రెండూ చాచాడు.

"దువ్వెనే" అన్నాడు డేవిడ్ రాజు. "వెనక జేబులో విరిగింది."

బెంచీ ఎక్కడిదక్కడే ఉంది. బెంజమిన్ మెల్లగా చేతులు కిందికి దించి ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి ఒకటి అత్తగారి భుజం మీద, ఒకటి బావమరిది మెడ మీద వేశాడు. మార్తమ్మ గారు, "సరిగ్గా కూర్చోండి" అన్నారు. అందరూ సరిగ్గా కూర్చున్నారు. నేను తీశాను. అరికాళ్ళు లేకుండా, మొహాలన్నీ ఉన్న ఫోటో ఆ ఇంట్లో తీయడం నాకదే మొదటిసారి.

"అయిపోయిందండీ, ఇక లేవచ్చు" అన్నాను.

ఎవరూ లేవలేదు. డేవిడ్ రాజు ఒళ్ళో మనిషిని వదల్లేదు.

"ఇంకోటి తియ్యండి లింగంగారూ. మా బావ కళ్ళు మూసుకున్నాడు."

నేను కెమెరాలో చూశాను. బెంజమిన్ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఇంకోటి తీశాను.